రంగంలో ఆడినవాడు

మా ఇంటికి చేపలు తెచ్చే ఆవిడ మొన్న గంప లేకుండా వచ్చి అరుగు కింద నిలబడింది. నెత్తి మీద బరువు లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కొంగు చివర మెలిపెడుతూ ఉంది.

"మా అన్న పోయాడండి పంతులమ్మగారూ. నిన్న పొద్దుటే. కబురెడదామంటే మనిషి దొరకలేదండి."

కూర్చోమన్నాను. కూర్చోలేదు. నిలబడే అంది: "మా వోళ్ళు మట్టి చేసొచ్చి సెప్పారండి. అక్కడెవరో అడిగారంట, ఈయన ఏం పని చేసేవోడని. రంగంలో మూటలు మోసేవోడంట అన్నారంటండి. ఆడదాన్ని, నేను అక్కడికి ఎల్లకూడదు గదండీ. ఎల్తే ఊరుకునేదాన్ని కాదు."

అతని పేరు ఇక్కడ రాయను. రేపటి నుంచి ఆమె మళ్ళీ ఈ వీధుల్లోనే చేపలమ్ముకోవాలి. ఆ పేరు వింటే నవ్వేవాళ్ళు కాకినాడలో ఇంకా ఉన్నారు. కానీ మూటలు మోశాడన్న మాట మాత్రం నేను పడనివ్వను. రంగంలో అతను ఒక్క మూట ఎత్తలేదు. అక్కడ అతని పని తోలుబంతి తన్నడం. అందుకే జీతమిచ్చేవారు. నేను నా కళ్ళతో చూశాను.

రంగూనుని మా వైపు రంగం అంటాం. కోరంగి నుంచీ కాకినాడ నుంచీ గోదావరి లంకల నుంచీ మగవాళ్ళు పొగ ఓడలెక్కి గుంపులు గుంపులుగా అక్కడికి పోయేవారు. రేవులో పని, బియ్యం మిల్లుల్లో పని. ఏ ఊరివాడైనా సరే, తణుకువాడైనా సరే, అక్కడివాళ్ళకి మనవాళ్ళందరూ కోరంగీలే. మావారు ఒక మిల్లులో గుమాస్తా. మిషనరీ దొరల బడిలో ఇంగ్లీషు బాగా వంటబట్టించుకున్నందువల్ల దొర మాట కూలీలకీ, కూలీల మాట దొరకీ చెప్పే పని కూడా ఆయన నెత్తినే పడింది. పెళ్ళయిన కొన్నాళ్ళకి నేనూ ఓడెక్కి వెళ్ళాను.

ఆ ఊళ్ళో తెలుగు మాట కోసం మొహం వాచిపోయి ఉన్న రోజుల్లో, ఒక సాయంత్రం వాకిట్లో అతను కనిపించాడు. పొడగరి కాదు. ఎండకి మాడిన ఒళ్ళు, ఉతికిన తెల్ల చొక్కా, అరటినారకి గుచ్చిన రెండు చేపలు.

"గుమాస్తాగారిల్లు ఇదేనాండీ? ఇవి మన చేపలు కావండి, మన గోదారి రుచి రాదు. అయినా ఒండుకోండి."

చేపలందుకుని, ఊరేదని అడిగాను. కాకినాడ రేవు పక్క ఏటిమొగ అన్నాడు. తండ్రి వేటకెళ్ళి సముద్రంలోనే పోయాడట. తల్లీ చెల్లెలూ ఉన్నారట. మిల్లులో ఏం పని చేస్తావని అడిగాను.

"ఆడతానండి."

"ఏం ఆడతావు?"

"తోలుబంతండి. కాలితో తన్నేది."

"అది సరేనయ్యా. జీతం దేనికిస్తారు?"

"దానికేనండి," అన్నాడు, నాకు చెవుడేమోనని అనుమానం వచ్చినవాడిలా కొంచెం గట్టిగా.

మావారు ఇంటికొచ్చాక అడిగితే నిజమేనన్నారు. మా మిల్లు దొర అంతకుముందు కాకినాడ రేవులో పనిచేశాడట. దొరలూ ఓడ నావికులూ సాయంత్రాలు ఇసుక మీద బంతి ఆడుతుంటే, అది నీళ్ళలో పడ్డప్పుడల్లా ఇతను ఈదుకుంటూ వెళ్ళి తెచ్చిచ్చేవాడు. ఒకనాడు చేత్తో ఇవ్వకుండా కాలితో ఇచ్చాడు. మనిషి తక్కువైన రోజున దొర ఇతన్ని రమ్మన్నాడు. ఆ తర్వాత ఇతను లేని ఆట దొరకి రుచించలేదు. రంగానికి బదిలీ అయినప్పుడు తనతోపాటు తన గుర్రాన్నీ, వేటకుక్కనీ, ఇతన్నీ ఓడ ఎక్కించాడు. మిల్లు పట్టీలో ఇతనిది కాపలా ఉద్యోగం. ఏ గేటు దగ్గరా ఇతను నిలబడగా ఎవరూ చూడలేదు.

అక్కడి మిల్లు దొరలకి ఆటంటే పంతం. ఏ మిల్లు జట్టు గెలిచిందన్నది వాళ్ళ క్లబ్బుల్లో పెద్ద మాట. అందుకని ఇతనికి కూలీల వరస ఇళ్ళల్లో కాకుండా విడిగా ఒక గది, రోజూ పాలు, కోడిగుడ్లు. తెల్లవారకముందు నుంచి ధాన్యం బస్తాలు మోసి వీపులు ఒరుసుకుపోయినవాళ్ళు ఆ పాలగ్లాసు చూసి ఊరుకుంటారా? 'దొరగారి పందెంకోడి' అని పేరు పెట్టారు. అతను దారినపోతుంటే వెనకనుంచి కొక్కొరొకో అని కూసేవారు. అతనికి కోపం రాలేదు సరికదా, ఒకరోజు మా అరుగు మీద కూర్చుని తనే అన్నాడు: "కోడికి బాదంపప్పు ఎందుకెడతారో కోడికి తెల్దండి. నాకు తెలుసు. అదే తేడా."

అతని కాళ్ళు చూస్తే మనిషి అర్థమయ్యేవాడు. తలకి నూనె ఉందో లేదో పట్టించుకునేవాడు కాదు గాని, పాదాలకి రోజూ ఆముదం రాసేవాడు. ఎడమ బొటనవేలికి గోరు లేదు. కొత్త చోట అడుగుపెడితే ముందు వేళ్ళతో నేల నొక్కి చూసేవాడు, గుడ్డల కొట్టులో ఆడవాళ్ళు బట్ట నలిపి చూసినట్టు. ఎందుకయ్యా అంటే, "నేల సెప్తాదండి, ఎంత దూరం దొర్లనిస్తానో," అనేవాడు. కూర్చున్నా పాదాలు ఊరుకునేవి కావు. నేను నిమ్మకాయలు ఆరబోస్తే ఒకటి అరికాలి కింద పెట్టుకుని అటూ ఇటూ దొర్లించుకుంటూ మాట్లాడేవాడు. ఆ కాయ తర్వాత పులుసుకి పనికిరాదు. అయినా నేనేమీ అనేదాన్ని కాదు.

అక్కడి బర్మావాళ్ళు సందుల్లో బెత్తంతో అల్లిన బంతిని కాళ్ళతో ఎగరేసి ఆడేవారు. ఇతను వాళ్ళ గుంపుల్లో చేరి, భాష రాకుండానే ఆ విద్యంతా నేర్చుకున్నాడు. ఎవరైనా మెచ్చుకుంటే సిగ్గుపడి ఒకటే మాట అనేవాడు: "ఏముందండీ, ఆ తోలు ఇప్పితే లోపలంతా గాలే."

ఒక ఆదివారం మా క్రైస్తవ గుడిలో ప్రార్థన అయ్యాక మావారిని పోరి పోరి మర్నాటి ఆటకి నన్ను తీసుకెళ్ళేలా ఒప్పించాను. మైదానం పక్కన గుర్రబ్బండి ఆపించి, బండిలోనే కూర్చుని చూశాను. అవతలి జట్టువాళ్ళకి బూట్లు. మన జట్టులో తెల్లదొరలైన గుమాస్తాలకి బూట్లు. ఇతనొక్కడే వట్టికాళ్ళతో. మొదట నాకేమీ అర్థం కాలేదు. ఇరవైమంది మగాళ్ళు ఒక బంతి వెనక పడి బురద చేస్తున్నారు, ఇంతేనా అనుకున్నాను. కాసేపటికి ఒకటి కనిపెట్టాను. అందరూ పరిగెత్తుతున్నప్పుడు అతను ఆగేవాడు. ఊరికే నిలబడి, చేతులు వేలాడేసి, పరధ్యానంగా ఉన్నట్టు ఉండేవాడు. బంతి తిరిగి తిరిగి అతనున్న చోటికే వచ్చేది. వచ్చాక ఆ పాదం దాన్ని ఆపినట్టే ఉండేది కాదు, నిద్రపుచ్చినట్టుండేది. అప్పుడు తల ఎత్తి చుట్టూ చూసేవాడు. ఆ మొహం మా అరుగు మీద నేనెప్పుడూ చూడని మొహం. అంత సంతోషం ఒక మనిషి మొహంలో చూసి నాకెందుకో భయం వేసింది. ఇంటికొచ్చి మావారితో అన్నాను కూడా. "నీకన్నీ భయాలే," అన్నారాయన.

మరుసటేడు వానల్లో అతని ఎడమ మోకాలు వాచింది. ఎవరి బూటో తగిలింది. కొబ్బరినూనె కాచి పట్టు వేశాను, ఆవాల ముద్ద కట్టాను. వాపు సగం తీసింది, సగం నిలిచిపోయింది. మెట్టు ఎక్కేటప్పుడు గోడ పట్టుకునేవాడు. ఏటి అవతలి మిల్లు వాళ్ళతో కప్పు కోసం ఆడే చివరి ఆట అప్పుడే వచ్చిపడింది.

"గుమాస్తాగారూ, దొరగారితో ఒక్క మాట సెప్పండి. ఈ ఒక్కదానికీ నన్నొదిలెయ్యమనండి. కాలు మొయ్యట్లేదండి," అని మావారిని అడిగాడు.

మావారు ఆఫీసులో దొరతో చెప్పారు. తిరిగొచ్చాక అన్నం ముందు కూర్చుని చెయ్యి కడుక్కోకుండా చాలాసేపు ఉండిపోయారు. అతను అరుగు మీద ఎదురుచూస్తున్నాడు. చివరికి లేచి బయటికెళ్ళి చెప్పారు.

"చూడబ్బాయ్, ఆయన అన్నది అన్నట్టు చెప్తాను. ఆడితే గది నీది. ఆడకపోతే రేపు పొద్దున్న బస్తాల దగ్గరికి పొమ్మన్నాడు."

అతను నిమ్మకాయ దొర్లించడం ఆపాడు. "కోప్పడ్డారాండీ?"

"లేదు. నవ్వుతూనే చెప్పాడు."

"అయితే ఆడతానని సెప్పండి."

నేను గుమ్మంలోంచి ఉండబట్టలేక అన్నాను. "ఎందుకాడతావయ్యా? ఇంటికి వెళ్ళిపో. కాకినాడలో వల లేదా, పడవ లేదా? మూటలకి భయపడి కాలు విరగ్గొట్టుకుంటావా?"

"మూటలకి కాదండమ్మగారూ," అన్నాడు నేల చూస్తూ. "నేను లేపోయినా ఆట ఆగదు గదండీ. నేను ఆ కూలీల వరసల్లో కూకుని ఉంటే, అక్కడ కేకలు ఇనపడతాయి. నేను లేకుండా ఆడేస్తారండి. అది ఓర్చుకోలేనండి."

మర్నాడు మావారు, ఆడతాడని దొరకి చెప్పారు.

ఆ రోజు వాన సన్నగా పడుతోంది. మిల్లు గొట్టాల్లోంచి వచ్చే ఊకబూడిద వానతో కలిసి నల్లగా బండి మీద రాలింది. అతను తలపాగా గుడ్డ చింపి మోకాలికి బిగించి కట్టుకున్నాడు. చాలాసేపు ఒక వారనే నిలబడి, తన దగ్గరికొచ్చిన బంతిని మిగతావాళ్ళకి అందిస్తూ గడిపాడు. రెండు జట్లూ చెరొక గోలు కొట్టాయి. పొద్దు వాలుతుండగా బంతి అతని ముందుకొచ్చి ఆగింది. ఎదురుగా ఖాళీ. కుడికాలితో తన్నాలంటే ఎడమకాలి మీద నిలబడాలి. ఎన్ని ఆటలు చూసినా నాకు ఆ సంగతి అప్పుడే తట్టింది. నిలబడ్డాడు. తన్నాడు. ఆ వెంటనే, నిలువునా మడిచేసిన గొడుగులా కూలిపోయాడు.

మైదానమంతా ఒక్కసారి అరిచింది. జట్టువాళ్ళందరూ ఇతని వైపు కాకుండా దొర వైపు పరిగెత్తారు. దొరని భుజాల మీదికి ఎత్తుకున్నారు. బురదలో ఇతను ఒక్కడే ఉన్నాడు. మావారు చెప్పులు వదిలేసి పరిగెత్తారు. వెనకాలే నేనూ బండి దిగేశాను. ఆడది మైదానంలోకి రావడమేమిటని ఎవరైనా అనుకున్నారేమో నాకు తెలియదు.

"పడిందాండీ?" అని అడిగాడు మావారిని, కళ్ళు మూసుకునే.

"పడిందిరా."

"ఏ పక్కండీ?"

"ఎడం పక్క. మూలకి."

"ఆయ్... అటే అనుకున్నానండి," అన్నాడు. అప్పటికి మోకాలు ఉండవలసిన దిక్కులో లేదు.

ఆస్పత్రి నుంచి వచ్చేసరికి కాలు కర్రలా బిగుసుకుపోయింది, వంగదు. దొర ఒకసారైనా చూడటానికి వస్తాడని మేం అనుకున్నాం. రాలేదు. ఇతని గదిలో మద్రాసు నుంచి తెప్పించిన కొత్త కుర్రవాడు దిగాడు. ఇతని రేకుపెట్టె చూరు కింద వానలో పెట్టారు. మావారు వెళ్ళి తెచ్చారు. పెట్టెలో బట్టలు నానిపోయి రంగులు కలిసిపోయాయి. అవి పిండి ఆరేస్తూ నేను ఏడ్చానుగాని అతను ఏడవలేదు.

కొన్ని వారాలు మా వంటింటి పక్క వసారాలో ఉన్నాడు. రోజూ సాయంత్రం కర్ర పట్టుకుని ఎక్కడికో వెళ్తుంటే గాలి మార్పుకనుకున్నాను. తర్వాత తెలిసింది, మైదానానికి వెళ్ళి ఆ కొత్తవాడికి ఆట చెప్తున్నాడట. నాకు ఒళ్ళు మండింది.

"నీ గది లాక్కున్నవాడికి నేర్పుతున్నావా? సిగ్గులేదూ?"

"ఆడు లాక్కోలేదండి, ఆడికి ఇచ్చారు. ఆడికి తలెత్తి సూడ్డం తెల్దండమ్మగారూ. బంతినే సూస్తా ఉంటాడు. ఎవరో ఒకరు సెప్పాలి గదండీ." కర్ర ఒళ్ళోకి తీసుకున్నాడు. "మోకాలు వాస్తే ఆడొద్దని కూడా సెప్పానండి. ఇనడు. నేనిన్నానా?"

ఆ ఏడే మావారికి చలిజ్వరం పట్టుకుని వదల్లేదు. ఉద్యోగం మానేసి అందరం ఒకే ఓడలో కాకినాడ చేరాం. ఓడలోంచి పడవలోకి దిగేటప్పుడు అతన్ని తాళ్ళు కట్టి దింపారు. ఈ సముద్రంలోనే పుట్టి పెరిగినవాణ్ణి అలా సామానులా దింపడం చూసి పడవ సరంగు మొహం తిప్పుకున్నాడు.

అసలు కష్టం అతనికి ఇంటి దగ్గరే ఉంది. కొడుకు మిల్లులో జమేదారని తల్లి ఏటిమొగంతా చెప్పుకుంది. వచ్చిన కొడుకేమో, అడిగినవాళ్ళందరికీ ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. "బంతి తంతే జీతమిచ్చే ఎర్రిదొర ఎక్కడున్నాడ్రా, మమ్మల్నీ అంపు, తన్నొస్తాం," అని రేవులో నవ్వేవారు. తల్లి తల పట్టుకుని, మిల్లు మిషన్లో పడి కాలు విరిగిందని తన వంతుగా ఇంకో కథ చెప్పడం మొదలెట్టింది.

అప్పుడు కోరంగి వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. కాలు కుంటయినా చేతులు బాగున్నాయి, వల కడతాడు, పిల్లనిద్దామనుకున్నారు. రెండు కథలు విని, ఏది నిజమో తేల్చుకుందామని పిల్ల తండ్రి నా దగ్గరికి బయల్దేరాడు. ఆ సంగతి తెలిసి అతను ముందుగా మా ఇంటికొచ్చాడు.

"ఉన్నది సెప్పండమ్మగారూ. ఈ ఊళ్ళో సూసినోళ్ళు మీరిద్దరే. గుమాస్తాగారు మంచం మీదున్నారు. మీరే సెప్పాలండి."

చెప్పాను. పిల్ల తండ్రి పెద్దమనిషి, తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకుని అంతా విన్నాడు. నేను అబద్ధమాడుతున్నానని అనలేదు.

"మీరు సెప్పారంటే నిజమేనండి. మిషన్లో పడి కాలిరిగితే పిల్లనిద్దును తల్లీ. కట్టం చేసుకునేవోడికి దెబ్బలు తగుల్తాయి. వాచిన కాలేసుకుని ఆటకెల్లి ఇరగ్గొట్టుకున్నోడికి ఎలా ఇమ్మంటారు? రేపు నా పిల్లనొదిలేసి ఇంకో ఆటకెల్లడని ఏంటండీ నమ్మకం?"

ఆ సంబంధం పోయింది. ఆ తర్వాత ఇంకోటి రాలేదు. అతని తల్లి మా వాకిట్లోకొచ్చి దుమ్మెత్తిపోసింది. "ఒక్క అబద్ధం ఆడితే మీ దేవుడు కొడతాడా అమ్మా? నా కొడుకు కొంప కూల్చారు గదమ్మా!" లోపలికెళ్ళి మావారి మంచం పక్కన కూర్చున్నాను.

మర్నాడు అతను వచ్చాడు. తిడతాడనుకున్నాను, తిట్టినా పడదామనుకున్నాను. అరుగు మీద కూర్చుని, కర్ర గోడకానించి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"అంతా సెప్పారంటగదండీ. సివరి గోలు సంగతి కూడా సెప్పారాండీ?"

"చెప్పాను."

"మూలకి పడ్డ సంగతి?"

"అదీ చెప్పాను."

"ఆయన ఏమన్నారండీ?"

గోలు గురించి ఏమీ అనలేదన్నాను. అతను తల ఊపాడు. పెళ్ళి మాట ఎత్తలేదు. ఆ రోజే కాదు, తర్వాతెప్పుడూ ఎత్తలేదు.

అతని మిగతా జీవితమంతా ఇసుకలో ఒక కాలు బారజాపుకుని కూర్చుని వలలు బాగుచేయడంలోనే గడిచింది. మంచి పనివాడని పేరు. రేవు దొరలు సాయంత్రం బంతి ఆడుతుంటే మాత్రం వల పక్కన పడేసి అటు తిరిగి కూర్చునేవాడు. ఎవరైనా బంతి పోగొట్టుకుంటే గట్టిగా తిట్టేవాడు. వాళ్ళకి తెలుగు రాదు కాబట్టి గొడవ ఉండేది కాదు. మావారు పోయినప్పుడు శవపెట్టె వెనక అంత దూరమూ కర్ర మీద నడిచొచ్చాడు. మా గుళ్ళోకి మాత్రం రానన్నాడు, బయటే నిలబడ్డాడు. నేను ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పుకుంటూ, పండగలకి వాళ్ళింటికి బియ్యమో బట్టో పంపేదాన్ని. అతని చెల్లెలు చేపలు తెచ్చేది. మా మధ్య రాకపోకలు అంతే.

ఈమధ్య దగ్గు పట్టిందని, రక్తం కూడా పడుతోందని ఆమె చెబితే వెళ్ళాను. మధ్యాహ్నం వేళ. వసారాలో చాప మీద ఉన్నాడు. చెంపలు లోపలికి పోయాయి. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. చెల్లెలు పీట వేసి గంజి కాచడానికి లోపలికెళ్ళింది. కాసేపు వానల సంగతీ, పులస ధర సంగతీ మాట్లాడుకున్నాం.

"అమ్మగారూ, ఒకటడగొచ్చాండీ?"

"అడుగు."

"ఆ రోజు నేను ఆడకుండా ఉండిపోతే, ఇంకో నాలుగైదేళ్ళు ఆడేవోణ్ణేనాండీ?"

ఇన్నేళ్ళలో ఎవరినీ అతను ఈ మాట అడగలేదు. తనని తానైనా అడిగి చూసుకున్నాడో లేదో. ఆడేవాడివంటే ఆ నాలుగైదేళ్ళ దుఃఖం చావు ముందు మీద పడుతుంది. లేదంటే నాకు తెలియని మాట చెప్పినట్టవుతుంది.

"నాకు తెలియదు," అన్నాను. "ఆడి ఉంటే మాత్రం, ఆ నాలుగైదేళ్ళూ నేను బండి కట్టించుకుని వచ్చేదాన్ని. నీ ఆటంటే నాకు ఇష్టం."

అతను మొహం ఇటు తిప్పాడు.

"ఇట్టమాండీ?"

"చాలా ఇష్టం."

"జాలనుకున్నానండి. ఇన్నేళ్ళూ మీకు నా మీద జాలే అనుకున్నాను." మోచెయ్యి ఆనించి నెమ్మదిగా లేచి కూర్చున్నాడు. దగ్గొచ్చింది. దగ్గు తగ్గేదాకా ఆగి, నవ్వాడు. "ఆ మాట అప్పుడే సెప్పుంటే ఇంకా బాగా ఆడేవోణ్ణి గదండీ."